పది నిమిషాల పలకరింపు

ఊళ్లో ఉన్న అమ్మకు పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయం పంపిస్తాం. ఆమె దండం బొమ్మ పెడుతుంది. నీలం టిక్కులు పడతాయి. ఆ రోజుకు ఇద్దరూ మాట్లాడేసుకున్నట్టే. ఇప్పుడు ఇంటింటా ఇదే అలవాటు. దీన్ని మార్చుకోమని అడగడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఫోన్ మానేయమని కాదు. దాంతో మాట్లాడమని.

మెసేజ్‌కీ మాటకీ ఉన్న తేడా మన ఒంటికి తెలుసు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లెస్లీ సెల్ట్‌జర్ బృందం ఒక ప్రయోగం చేసి 2012లో ప్రచురించింది. పన్నెండేళ్ల లోపు ఆడపిల్లల చేత కొత్తవాళ్ల ముందు ఉపన్యాసం చెప్పించారు, లెక్కలు చేయించారు. పిల్లలు బెంబేలెత్తారు. ఆ తర్వాత కొందరిని అమ్మ దగ్గర కూర్చోబెట్టారు, కొందరి చేత అమ్మకు ఫోన్ చేయించారు, ఇంకొందరి చేత కంప్యూటర్‌లో మెసేజ్‌లు పెట్టించారు. మిగిలినవాళ్లను వాళ్ల మానాన వదిలేశారు. అమ్మ పక్కన కూర్చున్న పిల్లల్లోనూ, ఫోన్‌లో అమ్మ గొంతు విన్న పిల్లల్లోనూ ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది, అనుబంధానికి తోడ్పడే ఆక్సిటోసిన్ విడుదలైంది. మెసేజ్‌లు పెట్టుకున్న పిల్లల్లో మాత్రం కార్టిసాల్, అమ్మ పలకరింపే దొరకని పిల్లల్లో ఉన్నంతగానే ఉండిపోయింది. ప్రయోగం చిన్నదే, అదీ ఆడపిల్లల మీదే జరిగింది. అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పలేం. అయినా పరీక్షల ముందు ఇంజినీరింగ్ హాస్టల్ నుంచి బిడ్డ ‘భయంగా ఉంది’ అని మెసేజ్ పెడితే, ధైర్యం చెబుతూ టైపు చేస్తూ కూర్చోకండి. వెంటనే ఫోన్ కలపండి.

పెద్దవాళ్ల విషయంలో ఇంకా గట్టి ఆధారం ఉంది. 2020లో, కరోనా భయంతో అందరూ తలుపులు మూసుకున్న రోజుల్లో, టెక్సస్ విశ్వవిద్యాలయంలో మణిందర్ కహ్లోన్ బృందం ఓ పని చేసింది. ఇంటికే భోజనం అందించే సేవ మీద ఆధారపడిన 240 మందిని తీసుకుని, వాళ్లలో సగం మందికి నాలుగు వారాల పాటు ఫోన్లు చేయించింది. ఫోన్ చేసినవాళ్లు డాక్టర్లూ కారు, మానసిక నిపుణులూ కారు. పదిహేడు నుంచి ఇరవై మూడేళ్ల మధ్య వయసున్న పదహారు మంది కుర్రకారు. మొదటి వారం రోజూ చేశారు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేయాలన్నది అవతలివాళ్ల ఇష్టానికి వదిలేశారు. ఒక్కో కాల్ పది నిమిషాలకు కాస్త అటూఇటూ. వాళ్లకు నేర్పించింది ముఖ్యంగా ఒకటే: ఏం మాట్లాడాలో అవతలి మనిషిని తేల్చుకోనివ్వాలి, మీరు చెవి ఒగ్గి వినాలి. నెల తిరిగేసరికి ఫోన్ అందుకున్నవాళ్లలో ఒంటరితనం, దిగులు, ఆందోళన మూడూ మిగతా సగం మంది కంటే బాగా తగ్గాయి.

ముక్కూమొహం తెలియని పిల్లలు చేసిన ఫోన్లకే అంత గుణం కనిపించింది. కన్నకొడుకు చేస్తే ఆ తండ్రికి ఎలా ఉంటుందో ఊహించండి.

అయితే మన ఇళ్లలో ఫోన్లు అసలు లేవా? ఉన్నాయి. ‘తిన్నావా, మందులేసుకున్నావా, బీపీ చూపించుకున్నావా, సరే ఉంటా.’ ఇది హాజరు పట్టీ. ప్రేమతోనే వేస్తాం. కానీ అవతలి మనిషికి ‘ఆఁ, ఆఁ’ అనడం తప్ప చేయడానికి పనేమీ మిగలదు. మందుల సంగతి అడగండి, దాంతోనే ఆపేయకండి. ‘ఈసారి మామిడి పూత నిలబడిందా నాన్నా?’ అనండి. ‘ఆవకాయకు కాయ ఎక్కడ తెచ్చావమ్మా, మొన్న నేను పెట్టింది మెత్తబడిపోయింది, ఎక్కడ తేడా వచ్చిందంటావ్?’ అనండి. తన సలహా ఇంకా ఎవరికో అవసరమన్న నమ్మకం ముసలితనంలో మనిషిని నిలబెడుతుంది. చెప్పిందే మళ్లీ చెబుతున్నా మధ్యలో తుంచకండి. ల్యాప్‌టాప్ మీద వేళ్లు ఆడిస్తూ ఊఁ కొట్టకండి, ఆ టకటక అక్కడికి వినిపిస్తుంది.

రోజూ గొంతు వింటే ఆరోగ్యపరంగా ఇంకో పెద్ద మేలుంది. నాన్న ఎప్పటిలా మాట్లాడుతున్నాడో లేదో మీకు ఇట్టే తెలిసిపోతుంది. రెండు మాటలకే ఆయాసపడుతున్నాడా? పొంతన లేకుండా మాట్లాడుతున్నాడా? షుగర్‌కు ఇన్సులిన్‌ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లలో ఆ పొంతన లేని మాట చక్కెర పడిపోవడం వల్ల కావచ్చు. ఉన్నట్టుండి మాట ముద్దముద్దగా వస్తే పక్షవాతం అనుకుని కదలాలి. మెదడులో రక్తపు గడ్డ వల్ల వచ్చే పక్షవాతానికి, దాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపు పడాలి. అమెరికాలోని డాలస్‌లో కూర్చుని 108 కొడితే మన ఊరి అంబులెన్స్ పలకదు. అందుకే పక్కింటివాళ్ల నంబరు, దగ్గర్లో ఉన్న మేనమామ నంబరు, స్కాన్ వసతి ఉన్న ఆసుపత్రి నంబరు ఈరోజే మీ ఫోన్‌లో ఎక్కించుకోండి. దండం బొమ్మలో ముద్ద మాట వినిపించదు.

చెవుల మాట కూడా చెప్పాలి. ‘అమ్మకు ఫోన్‌లో ఏమీ వినపడదు, అందుకే చేయడం తగ్గించాం’ అనే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. వయసు మీద పడితే ముందు పోయేది సన్నని, కీచు ధ్వనులు వినే శక్తి. అందుకే గొంతు వినపడుతూనే ఉంటుంది, మాట మాత్రం తెలియదు. అరిస్తే లాభం లేదు. నెమ్మదిగా, ముక్కముక్కగా చెప్పండి. వీడియో కాల్ చేసి మీ మొహం మీద వెలుగు పడేలా కూర్చోండి, పెదాల కదలిక చూసి సగం అందుకుంటారు. ఆపైన వినికిడి పరీక్ష చేయించి, అవసరమైతే మిషన్ పెట్టించండి. మతిమరుపు వ్యాధి ముప్పును పెంచే, మనం సరిదిద్దుకోగల కారణాల్లో వినికిడి లోపాన్నీ, నలుగురితో కలవకుండా ఉండిపోవడాన్నీ లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024 నివేదికలోనూ చేర్చింది.

తీరిక ఎక్కడుందంటారా? గంట కుదరకపోతే పోనీ, వేళ కుదుర్చుకోండి. ఫలానా సమయానికి వస్తుందని తెలిస్తే ఆ ఎదురుచూపే వాళ్లకు సంతోషం. డాలస్‌లో ఉదయం ఎనిమిదయితే ఇక్కడ ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఆ వేళకు పొద్దుటి నడక పెట్టుకుంటే నడకా అవుతుంది, మాటా అవుతుంది. కారు నడుపుతూ మాత్రం వద్దు.

మగవాళ్లకు ప్రత్యేకంగా ఓ మాట. మీ అమ్మానాన్నలకు ఫోన్ చేసే బాధ్యత మీ భార్య మీద వదిలేసి ‘మావాళ్లతో తను బాగా మాట్లాడుతుంది’ అని మురిసిపోవడం న్యాయం కాదు. కోడలి గొంతు వాళ్లకు ఇష్టమే. కానీ వాళ్లు ఎదురుచూసేది మీ గొంతు కోసం.

స్నేహితుల విషయంలో అడ్డుపడేది మొహమాటం. ‘పదేళ్లయింది, ఇప్పుడు చేస్తే ఏమనుకుంటాడో’ అని మెసేజ్‌తో సరిపెడతాం. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2021లో ప్రచురించిన పరిశోధనలో పాత మిత్రులను మళ్లీ పలకరించమని కొందరికి ఫోన్‌లో, కొందరికి ఈమెయిల్‌లో అని చెప్పారు. ఫోన్ చేస్తే ఇబ్బందిగా ఉంటుందని ముందు అనుకున్నవాళ్లు తీరా చేశాక, ఈమెయిల్ రాసినవాళ్ల కంటే ఎక్కువేమీ ఇబ్బంది పడలేదు. పైగా ఎక్కువ దగ్గరితనం కలిగిందన్నారు. రిటైరయిన మగవాళ్లు ఇది తప్పక పట్టించుకోవాలి. ఆఫీసుతో పాటే మాటలూ ఆగిపోయినవాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు.

మెసేజ్ వాడాల్సిన చోట వాడండి. మాత్రల అట్ట ఫొటో, ల్యాబ్ రిపోర్టు, రైలు టికెట్టు. వాటికి అంతకు మించిన సాధనం లేదు.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలూ, మీకూ చెబుతున్నా. ‘వాడు పనిలో ఉంటాడేమో, మనమెందుకు కదిలించడం’ అని ఫోన్ చేతిలో పట్టుకుని ఆగిపోకండి. మీరే చేయండి. మీటింగ్‌లో ఉంటే ఎత్తడు, అంతేగా. సాయంత్రం మళ్లీ చేయండి. మీ గొంతు వినాల్సిన అవసరం వాడికీ ఉంది, అడగడం చేతకాక ఊరుకుంటున్నాడు.