తొలి బ్యాచ్‌కి ఏ ఈస్ట్? ఎంత స్ట్రాంగ్?

ప్రశ్న: ఇంట్లో బీర్ చేద్దామని ఐదు గ్యాలన్ల కిట్ కొన్నాను. 5 శాతం ఆల్కహాల్ వస్తుందని డబ్బా మీద రాసుంది. నాకేమో హైదరాబాద్ స్ట్రాంగ్ బీర్ అలవాటు. కిలో పంచదార కలిపితే 8 శాతానికి వెళ్తుందా? ఈస్ట్ కిట్‌లోదే వేయనా, వేరేది కొననా?
- ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఏడున్నర దాకా వెళ్తుంది. అయినా మొదటి బ్యాచ్‌కి ఆ పని చేయకండి.

ముందు లెక్క చూడండి. ఐదు గ్యాలన్లంటే 19 లీటర్లు. అందులో రెండున్నర కిలోల పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కరిగితే, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.048 చూపిస్తుంది. ఈస్ట్ పని ముగిశాక అది 1.011 దగ్గర ఆగుతుంది. ఈ రెండింటి తేడాని 131తో గుణిస్తే వచ్చేదే ఆల్కహాల్ శాతం, అంటే దాదాపు 4.8. కిలో పంచదార వేస్తే ఆ మొదటి అంకె 1.068కి పోతుంది. పంచదార దాదాపు మొత్తం పులిసి ఆల్కహాల్ అయిపోతుంది, రుచికి ఏమీ మిగల్చదు. అందుకే అలాంటి బీర్ నోటికి పలచగా తగిలి గొంతు దగ్గర మండుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఈస్ట్‌ది. చక్కెర పెరిగేకొద్దీ ఈస్ట్ కణాలూ ఎక్కువ కావాలి. 11 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్ ఒకటి 19 లీటర్లకి 1.060 వరకు సరిపోతుంది. అది దాటితే రెండు వేయాలి. చాలీచాలని ఈస్ట్‌తో, పైగా వేడిలో పులిస్తే ఫ్యూజెల్ ఆల్కహాల్స్ పుడతాయి. పెయింట్ థిన్నర్ లాంటి ఆ వాసన ఎన్నాళ్లు దాచినా పెద్దగా తగ్గదు. 1.045 నుంచి 1.050 మధ్య మొదలుపెట్టిన బీర్ ఇలాంటి చిన్న పొరపాట్లను తట్టుకుంటుంది. రెండు మూడు బ్యాచ్‌లు చేయి తిరిగాక ఘాటు పెంచుకోండి.

కిట్‌లోని ఈస్ట్ మీద తేదీ చూడండి. తేదీ దగ్గరపడినా, ఆ పెట్టె ఎక్కడో ఎండలో పడి ఉందని అనుమానమున్నా కొత్తది కొనండి. నా మొగ్గు ఫెర్మెంటిస్ వారి యూఎస్-05 వైపు. అది తన రుచిని పెద్దగా కలపదు కాబట్టి మాల్ట్ ఎలా ఉంది, హాప్స్ ఎలా ఉన్నాయి అన్నది మీకు తేటగా తెలుస్తుంది. ఎస్-04 ఇంగ్లిష్ రకం. కాస్త పండ్ల వాసన ఇస్తుంది, అడుగున గట్టిగా పేరుకుని బీర్‌ని తేటగా ఉంచుతుంది. ద్రవరూపంలో వచ్చే ఈస్ట్‌ల జోలికి ఇప్పుడే పోకండి. దారిలో వేడి తగిలితే వాటిలో చాలా కణాలు చచ్చిపోతాయి.

ఇక వేడి. యూఎస్-05కి 18 నుంచి 20 సెల్సియస్ డిగ్రీలు హాయి. పులిసేటప్పుడు డ్రమ్ములోని వేడి గదికన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉంటుందని మరవకండి. డ్రమ్ముని నీళ్ల టబ్బులో పెట్టి, పూటపూటకీ ఐసు బాటిల్ మార్చండి. మొదటి మూడు నాలుగు రోజులు ఇలా కాపాడితే చాలు. అదీ వీలుకాకపోతే నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ ఈస్ట్ ఉంది. అందులో వాస్ రకానికి 35 డిగ్రీలు దాటినా ఇబ్బంది లేదు.

ప్రశ్న: మా నాన్నగారు ఊరి నుంచి వచ్చారు. కల్లు తనంతట తానే పులుస్తుంది కదా, బీర్‌కి ఈస్ట్ కొనడం దేనికి అంటున్నారు.
- ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. లొట్టిలోనూ గాలిలోనూ ఉండే ఈస్టే కల్లుని పులియబెడుతుంది. ఆ ఈస్ట్‌తో పాటు బ్యాక్టీరియా కూడా చేరుతుంది గనుక పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పుల్లబడుతుంది. కల్లు ఏ రోజుది ఆ రోజే తాగేస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. బీర్ వారాల తరబడి నిలవాలి. ఒకప్పుడు యూరప్ బ్రూవరీల్లోనూ బ్యాచ్‌లు ఇలాగే పాడయ్యేవి. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ని పెంచి చూపించాక ఆ బెడద చాలావరకు తీరింది. మీరు కొనే ప్యాకెట్ ఆ పని ఫలితమే. బ్రెడ్ ఈస్ట్ కూడా అదే జాతిది. కానీ అది సరిగా అడుగుకు దిగదు, బీర్ మసగ్గా మిగులుతుంది.

ప్రశ్న: మన కింగ్‌ఫిషర్‌లాంటి లాగర్‌తోనే మొదలుపెట్టొచ్చా?

జవాబు: లాగర్ ఈస్ట్‌కి 10, 12 డిగ్రీల చలి, మామూలుకి రెట్టింపు ఈస్ట్, ఆపైన వారాల తరబడి చల్లని నిల్వ కావాలి. అందుకు వేరే ఫ్రిజ్ ఉండాలి. యూఎస్-05నే 17 డిగ్రీల దగ్గర పులియబెట్టండి, లాగర్‌కి చాలా దగ్గరగా వస్తుంది.

ప్రశ్న: ఈ కిట్ హైదరాబాద్ తెచ్చుకుని చేయొచ్చా?

జవాబు: వద్దు. అమెరికాలో 1978 నాటి చట్టం వల్ల ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. మన దగ్గర లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. బీరూ అందులోకే వస్తుంది.

ప్రశ్న: వారానికే బుడగలు ఆగిపోయాయి. సీసాల్లోకి పట్టేయనా?

జవాబు: బుడగల్ని నమ్మకండి, హైడ్రోమీటర్‌ని నమ్మండి. రెండు మూడు రోజుల తేడాతో చూసినా అంకె మారకపోతేనే పులవడం పూర్తయినట్టు. తొందరపడి పట్టేస్తే లోపల గ్యాస్ పెరిగి గాజు సీసాలు పేలతాయి, చేతులకీ కళ్లకీ ప్రమాదం. అంకె నిలిచాక 110 గ్రాముల కార్న్ షుగర్ కొద్ది నీళ్లలో మరిగించి, చల్లార్చి, 19 లీటర్లకీ కలిపి పట్టండి. ఒక్కటి మాత్రం ప్లాస్టిక్ సోడా సీసాలో నింపండి. నొక్కితే రాయిలా గట్టిగా ఉందంటే మిగతా సీసాల్లోనూ గ్యాస్ ఎక్కినట్టే, ఇక ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు.