చేతికి తగిన చెక్క

పాఠ్యభాగ ఉద్దేశం: టేబుల్ టెన్నిస్ బ్యాటులోని చెక్క భాగం నిర్మాణాన్ని తెలియజేయడం, నేర్చుకొనే దశలో సాధనాన్ని వివేకంతో ఎంచుకొనే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం.

'ఆడలేక మద్దెల ఓడు' అన్న సామెత, తన చేతకానితనానికి సాధనాన్ని నిందించేవారిని ఉద్దేశించి పుట్టింది. టేబుల్ టెన్నిస్ నేర్చుకొనే విద్యార్థులలో దీనికి విరుద్ధమైన భ్రమ ఒకటి కనిపిస్తుంది. మద్దెల గొప్పదైతే ఆట దానంతట అదే వస్తుందని వారు నమ్ముతారు. ప్రపంచ విజేతల చేతిలో చూసిన కార్బన్ బ్యాటు కోసం తల్లిదండ్రుల చేత వేల రూపాయలు ఖర్చు చేయిస్తారు. తీరా ఆడబోతే బంతి బల్ల దాటి పోతుంది. లోపం చేతిదో, బ్యాటుదో తెలియదు. డబ్బు పోవడం ఒక నష్టం. నేర్చుకొనే వయసులో చేతికి తప్పుడు అలవాటు పట్టుబడడం అంతకంటె పెద్ద నష్టం.

బ్యాటుకు రెండు వైపులా అంటించిన రబ్బరును తీసివేస్తే, పిడితో సహా మిగిలే చెక్క భాగాన్ని 'బ్లేడు' అంటారు. క్రమం తప్పక ఆడేవారి రబ్బరు కొన్ని నెలల్లోనే అరిగిపోతుంది. బ్లేడు మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య నియమాల ప్రకారం బ్లేడు మందంలో కనీసం 85 శాతం సహజమైన కలప ఉండాలి. పొరలను అతికించే చోట కార్బన్ వంటి పీచు పదార్థాన్ని చేర్చవచ్చు గాని, అటువంటి ఏ పొరా 0.35 మిల్లీమీటర్లను మించరాదు. ఆ పొరలేవీ లేకుండా కేవలం కలపతో చేసినదే పూర్తి చెక్క బ్లేడు.

సాధనం ఆటను ఎంతగా మార్చగలదో 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీలలో వెల్లడైంది. జపాన్ క్రీడాకారుడు హిరోజీ సాటో మందమైన స్పాంజి బ్యాటుతో ఆడి పురుషుల సింగిల్స్ విజేత అయ్యాడు. బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు వినిపించకపోవడంతో ప్రత్యర్థులు దాని వేగాన్ని అంచనా వేయలేక తడబడ్డారు. 1959లో రబ్బరు, స్పాంజిల మందానికి పరిమితి ఏర్పడింది. ప్రత్యర్థికి చప్పుడు ఎంత అవసరమో, నేర్చుకొనేవారికి చేతిలోని స్పర్శ అంత అవసరం. బంతి ఎక్కడ తగిలిందో, ఎంత బలంగా తగిలిందో చెక్క అరచేతికి తెలియజేస్తుంది.

పూర్తి చెక్క బ్లేడులో సాధారణంగా 5 లేదా 7 పొరలు ఉంటాయి. ఒక పొర నార నిలువుగా ఉంటే, దాని పక్క పొర నార అడ్డంగా ఉండేటట్లు అతికిస్తారు. అందువల్ల పలుచని చెక్కకు బలం చేకూరుతుంది, అది వంకరపోదు. నడిమి పొరకు పశ్చిమాఫ్రికాలో పెరిగే అయూస్ అనే తేలిక కలపను ఎక్కువగా వాడతారు. పై పొర లింబా వంటి మెత్తని కలపదైతే బంతి కాస్త ఎక్కువసేపు అంటి ఉన్నట్లు చేతికి తెలుస్తుంది. కోటో వంటి గట్టి కలపదైతే బంతి త్వరగా వెడలిపోతుంది. 5 పొరల బ్లేడు మందం సుమారు 6 మిల్లీమీటర్లు. 7 పొరలది సాధారణంగా అంతకంటె మందంగా, బరువుగా ఉంటుంది. మందం పెరిగినకొద్దీ వంగే గుణం తగ్గి, వేగం పెరుగుతుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారుడు ల్యూ గ్వోలియాంగ్ వాడినది 7 పొరల పూర్తి చెక్క బ్లేడే. చెక్క కేవలం ప్రారంభ దశకే పరిమితం కాదనడానికి ఇది నిదర్శనం.

ఎంపికలో మూడు విషయాలను గమనించాలి. మొదటిది బరువు. 80 నుంచి 90 గ్రాముల బ్లేడు చాలామందికి అనుకూలం. కలప సహజ పదార్థం కనుక ఒకే రకం బ్లేడ్లలోనూ కొన్ని గ్రాముల తేడా ఉంటుంది, తూచి తీసుకోవాలి. రెండవది పిడి. అడుగున వెడల్పయిన పిడి చేతి నుంచి జారదు. నిటారు పిడి పట్టు మార్చుకోవడానికి అనువైనది. మూడవది ధ్వని. మద్దెలను తట్టి శ్రుతి చూసినట్లే పలకను వేలి కణుపుతో తట్టి వినాలి. హెచ్చు స్థాయి ధ్వని బిగువుకు, మంద్ర ధ్వని మెత్తదనానికి గుర్తు.

నేర్చుకొనేవారికి మధ్యస్థ వేగం గల 5 పొరల చెక్క బ్లేడు చాలు. అది తప్పు కొట్టిన బంతిని తప్పుగానే పంపుతుంది, సరిగా కొట్టిన బంతికి తగిన ఫలితమిస్తుంది. కొన్న తరువాత పలుచగా వార్నిష్ పూస్తే రబ్బరు మార్చేటప్పుడు చెక్క పేళ్లు లేవవు. తేమ తగలకుండా సంచిలో భద్రపరచాలి.

వేగాన్ని అంగడిలో కొనవచ్చు. నిలకడను సాధనతోనే సంపాదించాలి. తన లోపాన్ని దాచే మద్దెల కంటె, దానిని వినిపించే మద్దెలే నేర్చుకొనేవారికి మేలు.

కఠిన పదాలు – అర్థాలు
ఓడు = పగిలినది, చెడిపోయినది
నార = కలపలోని పోగుల వరుస
మంద్ర ధ్వని = తగ్గు స్థాయి ధ్వని
నిదర్శనం = ఉదాహరణ, రుజువు

ప్రశ్నలు
1. పూర్తి చెక్క బ్లేడు నిర్మాణాన్ని వివరించండి.
2. 1952 బొంబాయి పోటీల ప్రస్తావన ద్వారా రచయిత ఏమి చెప్పదలచారు?
3. 'వేగాన్ని అంగడిలో కొనవచ్చు. నిలకడను సాధనతోనే సంపాదించాలి' – ఈ వాక్యాన్ని మీ చదువుకు అన్వయించి రాయండి.