పెద్దలను ఆసుపత్రికి చేర్చేది ఏది?



అన్నం ఉడకాలంటే నిప్పు కావాలి. అయితే నిప్పు ఉన్నంత మాత్రాన అన్నం ఉడకదు. బియ్యం కావాలి, నీళ్ళు కావాలి, గిన్నె కావాలి, పొయ్యి దగ్గర కూర్చునే మనిషి కావాలి. తర్కశాస్త్రం ఈ తేడానే చెబుతుంది. ఏది లేకపోతే పని జరగదో అది ఆవశ్యక కారణం. ఏది ఉంటే పని జరిగి తీరుతుందో అది పర్యాప్త కారణం. వృద్ధులు ఆసుపత్రిలో చేరే విషయంలో జబ్బు ఆ నిప్పులాంటిది. జబ్బు లేనిదే ఎవరూ చేరరు. కాని జబ్బు ఒక్కటే వారిని అక్కడికి చేర్చదు. ఒకే వీధిలో, ఒకే వయసువారికి, ఒకే జబ్బు వచ్చినా ఒకరు ఆ రోజే ఆసుపత్రిలో చేరతారు. మరొకరు వారం తరువాత, పరిస్థితి విషమించాక చేరతారు. ఇంకొకరు అసలు చేరరు. ఈ తేడా ఎందుకు వస్తుందో ఈ వారం పరిశీలిద్దాం.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు పైబడినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలమంది. ఆ తరువాత వీరి సంఖ్య ఇంకా పెరిగింది. కనుక ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు.

కుటుంబాలు వైద్యసేవలను ఎందుకు వాడుకుంటాయి, ఎందుకు వాడుకోవు అనే ప్రశ్నకు అమెరికా సామాజిక శాస్త్రవేత్త రొనాల్డ్ ఆండర్సన్ 1968లో మూడు రకాల కారణాలు చూపాడు. అవి మనిషి స్థితిగతులు, అందుబాటులో ఉన్న సాధనాలు, అవసరం. ఈ మూడింటినీ మన ఇళ్ళకు అన్వయించి చూద్దాం. సులువుగా అర్థం కావడానికి అవసరంతో మొదలుపెడదాం.

1. అవసరం: జబ్బును గుర్తించేది ఎవరు?

అవసరం రెండు విధాలు. వైద్యుడు పరీక్షించి చెప్పేది ఒకటి. రోగీ, ఇంటివారూ తమంతట తాము అనుకొనేది రెండవది. వృద్ధుల విషయంలో ఈ రెండింటి మధ్య దూరం ఎక్కువ. ఎందుకంటే వయసు మీరినవారిలో జబ్బు ఎప్పుడూ మామూలు లక్షణాలతోనే బయటపడదు. నెమ్ము చేసినా జ్వరం రాకపోవచ్చు. అన్నం మానేయడం, మగతగా పడి ఉండటం, పొంతన లేకుండా మాట్లాడటం మాత్రమే కనబడవచ్చు. గుండెపోటు వచ్చినా, ముఖ్యంగా షుగరు వ్యాధి ఉన్నవారిలో, ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, నీరసం మాత్రమే ఉండవచ్చు.

అప్పుడు ఇంటివారు "వయసు మీద పడింది కదా" అని ఊరుకుంటారు. ముసలితనం నెలల మీద, సంవత్సరాల మీద నెమ్మదిగా వచ్చేది. నిన్న చక్కగా మాట్లాడిన మనిషి ఈ రోజు సొంత మనుషులను గుర్తుపట్టలేక తికమక పడుతుంటే అది ముసలితనం కాదు. దాని వెనుక ఏదో జబ్బు ఉందని అనుమానించి వెంటనే వైద్యునికి చూపించాలి.

కొన్ని జబ్బులకు గంటలే లెక్క. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం పక్షవాతపు గుర్తులు. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను స్కాన్ తీసిన తరువాత, సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. "తెల్లవారనీ, చూద్దాం" అనుకుంటే ఆ అవకాశం పోతుంది. జారిపడి తుంటి ఎముక విరిగినవారికీ ఆలస్యం కీడే. పుత్తూరు కట్టుకు మన ప్రాంతాల్లో పేరుంది. కాని తుంటి విరిగిన వృద్ధులకు చాలావరకు ఆపరేషను అవసరమవుతుంది. వారాల తరబడి కదలకుండా మంచంలో ఉంచితే వీపున పుండ్లు పడతాయి, నెమ్ము చేస్తుంది, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది.

2. స్థితిగతులు: అడిగే మనిషి ఉన్నారా?

వయసు, చదువు, నమ్మకాలు, స్త్రీయా పురుషుడా, జీవిత భాగస్వామి ఉన్నారా లేరా అనేవి ఈ కోవకు వస్తాయి. భర్త మంచాన పడితే భార్య ఊరుకోదు. పిల్లలను పిలుస్తుంది, పోరు పెడుతుంది, బండి ఎక్కిస్తుంది. కాని మన సమాజంలో భార్యలు సాధారణంగా భర్తలకన్నా చిన్నవారు, ఎక్కువకాలం జీవిస్తారు కూడా. కనుక వృద్ధాప్యంలో ఒంటరిగా మిగిలేది ఎక్కువగా స్త్రీలే. ఆమె కోసం పోరు పెట్టేది ఎవరు?

గ్రామాల్లో నేను తరచూ వినే మాట ఒకటుంది: "నాకేం కాలేదయ్యా, కాస్త పడుకుంటే అదే తగ్గుతుంది." ఆ మాటకు జబ్బు లేదని అర్థం కాదు. "నా కోసం పిల్లలు అప్పులపాలు కాకూడదు" అని అర్థం. పెద్దల మాటను తప్పక గౌరవించాలి. అయితే భయంతో చెప్పిన మాటకూ, స్వేచ్ఛగా చెప్పిన మాటకూ తేడా ఉంది. ముందు భయం తీర్చి, ఆ తరువాత మళ్ళీ అడగాలి. అప్పుడు వచ్చే జవాబే ఆమె నిజమైన జవాబు.

3. సాధనాలు: డబ్బు, బండి, తోడు

డబ్బు విషయంలో కొంత మార్పు వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలై, తరువాత రాష్ట్రమంతటా విస్తరించింది. కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2024 అక్టోబరు 29న, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 70 ఏళ్ళు దాటినవారందరికీ విస్తరించారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు వర్తిస్తుంది. దీనికి ఆధార్‌లోని వయసే ఆధారం. కార్డులో వయసు తప్పుగా పడిందేమో జబ్బు రాకముందే చూసుకోవాలి.

అయినా కార్డు అన్ని ఖర్చులనూ తీర్చదు. దారి ఖర్చులు, తోడున్నవారి భోజనం, వారు పోగొట్టుకునే కూలి, ఇంటికి వచ్చాక కావలసిన మందులు కుటుంబం మీదనే పడతాయి. బండి కోసం 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ ఉంది. దానికి డబ్బు కట్టనక్కరలేదు.

అన్నిటికన్నా కరువైనది తోడు. ఏ ఆసుపత్రికి వెళ్ళినా "పేషెంటుతో ఎవరు ఉంటారు?" అనే ప్రశ్న ఎదురవుతుంది. పెద్దకొడుకు హైదరాబాదులో, చిన్నవాడు గల్ఫ్‌లో, కూతురు అత్తవారింట. ఒకరినొకరు ఫోనులో అడిగి తేల్చుకునేసరికి రెండు రోజులు గడుస్తాయి. ఆలోగా ఊరి ఆర్.ఎం.పి. సెలైను ఎక్కిస్తూ ఉంటాడు. పిల్లలకు ప్రేమ లేక కాదు, నిర్ణయం ఎవరిదో ముందుగా అనుకోకపోవడం వల్ల ఈ ఆలస్యం.

4. చేరే అవసరమే రాకుండా

ఎక్కువమంది వృద్ధులు ఆసుపత్రిలో చేరాలన్నది మన ఉద్దేశం కాదు. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ నడక తగ్గుతుంది, కొత్త అంటువ్యాధులు సోకవచ్చు, మతి చెదరవచ్చు. చేరవలసినప్పుడు ఆలస్యం కాకుండా చేరాలి. నివారించగలిగిన వాటిని ఇంటి దగ్గరే నివారించాలి.

మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి రోజూ మింగే మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, కడుపులో రక్తస్రావం కలిగిస్తాయి. షుగరు మాత్ర వేసుకొని అన్నం తినకపోతే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. తడి స్నానాలగది, రాత్రి దీపం లేని నడవ, అరిగిపోయిన చెప్పులు తుంటి ఎముక విరగడానికి దారితీస్తాయి. 2015 వేసవిలో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలు ఎక్కువ. దాహం వేయకపోయినా పెద్దలకు నీళ్ళు, మజ్జిగ ఇస్తూ ఉండాలి. నీరు, ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పినవారు మాత్రం ఆ సలహానే పాటించాలి.

5. ఇంట్లో చేయదగినవి

పెద్దలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే వారిని కూర్చోబెట్టి అడగండి. ఏ ఆసుపత్రికి వెళ్ళాలనుకుంటున్నారు? తోడు ఎవరుంటే ధైర్యం? ఎలాంటి వైద్యం వద్దనుకుంటున్నారు? వారి జబ్బులు, వాడే మాత్రల పేర్లు, ఆధార్, ఆరోగ్య కార్డుల నకళ్ళు ఒక సంచిలో పెట్టి అందరికీ తెలిసే చోట ఉంచండి. ఆ సంచి మీద 108తో పాటు, వృద్ధుల సహాయవాణి 14567 కూడా రాయండి. అత్యవసర సమయంలో నిర్ణయం దూరాన ఉన్న కొడుకుది కాదు, దగ్గరున్న మనిషిదని అందరూ ముందే ఒప్పుకోండి. దూరాన ఉన్నవారు డబ్బు పంపవచ్చు, ధైర్యం చెప్పవచ్చు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రులలో వృద్ధులకు సాధ్యమైనంతవరకు పడకలు, ప్రత్యేక వరుసలు ఉండాలని అది చెబుతున్నది. అడగడానికి సంకోచించవద్దు.

ఒంటరిగా ఉన్నవారికి సంచి సర్దేదీ, ఫోను చేసేదీ ఎవరు? ఇరుగుపొరుగు వారే. ప్రతి ఆదివారం గుడిలో అదే స్థలంలో కూర్చునే ముసలమ్మ రెండు వారాలు కనబడకపోతే, ఆ ఖాళీ స్థలాన్ని చూసి ఊరుకోకండి. ఆ సాయంత్రమే ఆమె ఇంటి తలుపు తట్టండి.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంటి పెద్దలు ఏ మాత్రలు, ఏ వేళకు వేసుకుంటున్నారో మీకు తెలుసా?
2. ఈ రాత్రి వారికి జబ్బు చేస్తే నిర్ణయం ఎవరు తీసుకుంటారు? తోడు ఎవరు వెళతారు?
3. మీ వీధిలో ఒంటరిగా ఉన్న వృద్ధులు ఎందరు? వారిని రోజుకొకసారి పలకరించేది ఎవరు?