కావలివాళ్లే చేను తొక్కితే

హత్నూర మండలంలో ఆడవాళ్లు కొందరు పొలం కూలికి పోతారు. కొందరు మందుల ఫ్యాక్టరీల్లో పనికి పోతారు. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా ఈ ఊళ్లనూ వదలలేదు. అప్పుడు చాలా ఇళ్లల్లో ఒకటే ప్రశ్న. "జరం తగ్గింది. లేచి బువ్వ తిన్నడు. వారం దాటినంక ఆయాసం మొదలైంది. ఎందుకట్ల?"

జవాబు ఊపిరితిత్తుల్లో ఉంది. వాటి లోపల ద్రాక్షగుత్తుల్లాంటి చిన్న చిన్న గాలి తిత్తులు కోట్లలో ఉంటాయి. వాటి గోడ చాలా పలుచన. మనం పీల్చిన ఆక్సిజన్ ఆ గోడ దాటి రక్తంలో కలుస్తుంది. వైరస్ ఈ తిత్తుల దాకా దిగితే న్యుమోనియా వస్తుంది.

మన ఒంట్లో కావలివాళ్లున్నారు. అవే తెల్ల రక్తకణాలు. సైటోకైన్లు అనే రసాయనాలతో ఇవి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. మక్క చేనులో అడవి పందులు పడితే కేకవేసి పిలుచుకున్నట్టే. పదిమంది వస్తే పందులు పారిపోతాయి. అదే ఊరంతా కర్రలు పట్టుకొని ఉరికితే? పందులు తిన్నదానికన్నా మనుషులు తొక్కిందే ఎక్కువైతది.

కొందరు రోగుల్లో ఇదే జరుగుతుంది. కేకలు ఆగవు. సన్నని రక్తనాళాల నుంచి నీరు ఊరి గాలి తిత్తుల్లో నిండుతుంది. ఆక్సిజన్ రక్తానికి అందదు. డాక్టర్లు దీన్ని సైటోకైన్ తుఫాను అంటారు. ఇది అందరికీ రాదు. ఎక్కువమందికి జ్వరం దానంతట అదే తగ్గింది. ఒక్క కరోనాలోనే కాదు, ఫ్లూ ముదిరినా ఇలా కావచ్చు.

ఈ కేకలను తగ్గించే మందు డెక్సామెథసోన్. ఇది స్టెరాయిడ్. పాత మందు, చవక మందు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ డాక్టర్లు దీన్ని వేలమంది రోగుల మీద పరీక్షించారు. 2020 జూన్‌లో ఫలితం చెప్పారు. వెంటిలేటరు మీద ఉన్నవాళ్లలో చావులు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ పెట్టినవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం లాభం కనపడలేదు.

ఈ చివరి మాటను చాలామంది వినలేదు. 2021లో జ్వరం వచ్చిన రోజే స్టెరాయిడ్ మింగినవాళ్లున్నారు. మొదటి వారం వైరస్ పెరిగే వారం. అప్పుడే కావలివాళ్లను పడుకోబెడితే పందులకు పండుగే కదా! పైగా స్టెరాయిడ్‌తో రక్తంలో షుగర్ పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు బ్లాక్ ఫంగస్ వచ్చింది. ముక్కులో మొదలై దవడకు, కంటికి పాకింది. కొందరికి కన్ను తీసేయాల్సి వచ్చింది. 2021 మే నెలలో హైదరాబాదు కోఠిలోని ఈఎన్‌టీ దవాఖానను ఈ జబ్బు కోసమే కేటాయించారు.

"సూది వేస్తే జల్ది తగ్గుతది" అని అడగడం మనకు అలవాటు. అడగాల్సింది వేరే ఉంది. "ఇది స్టెరాయిడా? నాకు ఇప్పుడు అవసరమా?" అని అడగాలి. షుగర్ ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

వేలికి పెట్టే ఆక్సిమీటరు ఆశా కార్యకర్త దగ్గర ఉండవచ్చు. అందులో అంకె 94 కన్నా తగ్గితే ఆగకూడదు. నాలుగడుగులు నడిస్తేనే ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేదాకా మనిషిని కూర్చోబెట్టాలి, లేదా బోర్లా పడుకోబెట్టాలి.

ఉబ్బసానికో, కీళ్లనొప్పులకో ఎప్పటినుంచో స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు ఇది చదివి భయపడి ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి.