వాక్యం మార్చు, మాట మార్చకు

చీమకుర్తి,
ఆదివారం

అమ్మడూ,

మొన్న మీ నాన్న ఒంగోలు నుంచి వస్తూ నీ ప్రీఫైనల్ ఇంగ్లీషు పేపరు తెచ్చి చూపించాడు. వ్యాసం బాగుంది, లేఖ ఇంకా బాగుంది. మార్కులు పోయిందల్లా అర్థం మారకుండా వాక్యాన్ని మార్చి రాయమన్న దగ్గరే. రూల్సు నీకు రాక కాదు. ‘టూ’ ఉంటే ‘సో... దట్’ పెట్టాలని తెలుసు, పెట్టావు. పెట్టాక ఆ వాక్యం ఏమంటోందో ఒక్కసారి చదువుకోలేదు.

ప్రశ్నలో ‘ది స్టోన్ ఈజ్ టూ హెవీ టు లిఫ్ట్’ అని ఉంది. నువ్వు ‘ది స్టోన్ ఈజ్ సో హెవీ దట్ వుయ్ కెన్ లిఫ్ట్’ అని రాశావు. చీమకుర్తి పిల్ల రాయాల్సిన వాక్యమేనా ఇది? క్వారీలోంచి ఒక బ్లాకు పైకి రావాలంటే క్రేను రావాల్సిందే కదా! ‘కుదరదు’ అన్న సంగతి ఆ ‘టూ’లోనే ఉంది. ‘టూ’ని తీసేశాక దాన్ని పైకి చెప్పాలి: ‘సో హెవీ దట్ వుయ్ కెనాట్ లిఫ్ట్ ఇట్’. చివర ఆ ‘ఇట్’ కూడా చూసుకో. మొదటి వాక్యంలో దాంతో పనిలేదు, రెండోదాంట్లో లేకపోతే దేన్ని ఎత్తలేమో తెలియదు.

డిగ్రీస్‌లోనూ ఇదే తంతు. ‘బ్లాక్ గెలాక్సీ ఈజ్ వన్ ఆఫ్ ది ఫైనెస్ట్ గ్రానైట్స్’ అన్నప్పుడు ‘నో అదర్ గ్రానైట్’ అని మొదలుపెట్టకు. నల్లరాతిలో బ్రాంజైట్ చుక్కలు బంగారంలా మెరిసే మన రాయి మీద అభిమానం నాకూ ఉంది గానీ, ప్రశ్నలో లేని మొదటి ర్యాంకు జవాబులో కట్టబెట్టకూడదు. ‘వెరీ ఫ్యూ గ్రానైట్స్ ఆర్ యాజ్ ఫైన్ యాజ్ బ్లాక్ గెలాక్సీ’, అంతవరకే.

రిపోర్టెడ్ స్పీచ్‌లో మన పిల్లలందరూ ఒకేచోట జారిపడతారు. తెలుగులో ‘రేపు వస్తానన్నాడు’ అంటాం. వచ్చేది వాడేనని ఎవరికైనా తెలుస్తుంది. ఆ అలవాటుతో ‘హి సెడ్ దట్ ఐ విల్ కమ్’ అని రాస్తే, వాడు ఇంట్లోనే ఉంటాడు, బయల్దేరేది నువ్వు! ‘హి సెడ్ దట్ హి వుడ్ కమ్ ది నెక్స్ట్ డే’ అనాలి.

వాయిస్‌లో నీకు నిండా మార్కులు వచ్చాయి. అయినా అక్కడే నాకు వ్యాకరణ పుస్తకాలతో చిన్న పేచీ ఉంది. ‘ది ట్రేడర్ చీటెడ్ ది ఫార్మర్స్’ అన్నదాన్ని ‘ది ఫార్మర్స్ వర్ చీటెడ్ బై ది ట్రేడర్’ అని మారుస్తాం. బాగానే ఉంది. ‘బై’తో సహా చివరి ముక్క ఎగరగొట్టినా వ్యాకరణం ఏమీ అనదు. ‘మై పర్స్ వాజ్ స్టోలెన్’ లాంటి చోట దొంగ ఎవరో తెలియదు కాబట్టి వదిలేయొచ్చు. మిర్చి టిక్కీల తూకంలో దెబ్బతిన్న రైతుకు మాత్రం దెబ్బకొట్టినవాడి పేరే ముఖ్యం. ఆఫీసు కాగితాల్లో ‘మిస్టేక్స్ వర్ మేడ్’ అని కనిపిస్తుంటుంది. తప్పు జరిగిందట, చేసినవాడు మాత్రం లేడట. పరీక్షలో మార్కులు పడితే పడనీ, నా లెక్కలో అది అర్థం మారినట్టే.

మీ నాన్న చేత రెన్ అండ్ మార్టిన్ పంపిస్తున్నాను. దొరలు రాసిన ఆ పుస్తకాన్ని సవరించిన ఎన్.డి.వి. ప్రసాదరావు గారి పేరు అట్ట మీదే ఉంటుంది. అందులో ‘ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ సెంటెన్సెస్’ అధ్యాయం తియ్యి. రోజుకు నాలుగైదు చాలు. వాక్యం మార్చాక ప్రశ్నను చేత్తో మూసేసి, నీ జవాబును మళ్లీ పాత రూపంలోకి తిప్పి చూడు. ‘సో హెవీ దట్ వుయ్ కెన్ లిఫ్ట్’ అన్నది ఎంత తిప్పినా ‘టూ హెవీ’ కాదు, తప్పు అక్కడే దొరికిపోతుంది. ‘బై’ పోయిన వాక్యాన్నీ తిప్పి చూడు, ‘సమ్‌వన్’ తప్ప ఎవరూ తేలరు.

నోట్సు నాన్నకిచ్చి పంపు, దిద్ది పంపిస్తాను. పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న