గ్రానైటు నేల – ఇంటి గాలి – త్రాగునీరు

తెలంగాణములోని ఎఱ్ఱ చెలకలు చాలవఱకు గ్రానైటు రాయి చిరకాలమున శిథిలమై యేర్పడినవి. ఊరిప్రక్క గుట్టయు, బావిలోని మొరమును, ఇంట పఱచిన బండయు తఱచుగ నా జాతివే. ఈ రాతినుండి కంటికి కానరాని కిరణములు వెలువడునని విన్న రైతునకు భయము కలుగుట సహజము. అందు భయపడవలసినదెంత, అక్కఱలేనిదెంత యను సంగతి సభ్యులు తెలిసికొనవలెను.

రాతిలో నున్నదేమి?

యురేనియము తనంతట తానే కిరణములను వెలువరించునని 1896లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ బెకెరెల్ కనుగొనెను. ఈ గుణమునకు రేడియోధార్మికత యని పేరు. వేయి కిలోల గ్రానైటులో సాధారణముగ 3 మొదలు 5 గ్రాముల యురేనియమును, అంతకు మూడు నాలుగు రెట్లు థోరియమును ఉండును. పొటాషియములో నొక స్వల్పభాగమునకును ఈ గుణము కలదు. అది మనము చేనికి వేయు పొటాషు ఎరువులోను, తిను అరటిపండులోను ఉన్నది. కావున గుట్టప్రక్క నివసించుటవలన గాని, బండలపై నడచుటవలన గాని కలుగు హాని మిక్కిలి స్వల్పము. రాతిలోని పదార్థము మన శరీరములోనికి చేరినపుడే చిక్కు. అందుకు త్రోవలు రెండు.

మొదటి త్రోవ: గాలి

యురేనియము క్రమముగ మార్పుచెంది రేడియమగును. రేడియమునుండి రేడాన్ అను వాయువు పుట్టును. దానికి రంగును వాసనయు లేవు. అది నేలబీటలగుండ ఇంటిలోనికి వచ్చి, గాలియాడని గదులలో నిలుచును. దానినుండి పుట్టు కణములు ఊపిరితిత్తులకంటి క్యాన్సరు కలిగింపవచ్చును. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గ్రానైటు సీమలో, చలికి తలుపులు మూసియుంచు ఇండ్లలో ఈ వాయువు హెచ్చుగ కనబడినది. గాలి ధారాళముగ నాడు మన పెంకుటిండ్లలో ఇది నిలువదు. చుట్ట, బీడీ కాల్చువారికి మాత్రము రేడాన్‌వలని అపాయము పెక్కురెట్లు.

రెండవ త్రోవ: నీరు

మనకిదియే ముఖ్యము. లోతైన బోరులలో, రాతిబీటలయందు చిరకాలము నిలిచిన నీటిలో యురేనియము కరగవచ్చును. అది కిరణములకంటె విషగుణముచేతనే మూత్రపిండములను చెఱచును. లీటరునకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2011లో సూచించినది. ఆ రాతినుండియే ఫ్లోరైడును నీటిలో చేరును. ఇది రేడియోధార్మికము కాదు గాని, మన ప్రాంతమున నెక్కువ కీడు చేసినది ఇదియే. నాటి నెల్లూరు జిల్లాలో దీనివలని ఎముకల జబ్బును వైద్యులు 1937లో ప్రకటించిరి; నల్లగొండ గ్రామముల బాధ అందఱెఱిగినదే. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు త్రాగరాదు. వంగిన ఎముక తిరిగి నిటారుకాదు.

రైతు నీటిని నాలుకతో పరీక్షించును. కాని ఉప్పు తెలిపిన నాలుక వీనిని తెలుపజాలదు. తియ్యని నీరెల్ల మంచినీరు కాదు. కాచుటవలనను ఇవి పోవు. నీరు ఇగిరినకొలది వాని పాలు హెచ్చును.

చేయవలసిన పనులు

1. త్రాగు బోరునీటిని పరీక్షశాలకు పంపి, ఫ్లోరైడు, యురేనియము రెండును చూడుడని ప్రత్యేకముగ కోరవలెను. సంఘము ద్వారా పలువురు కలిసి పంపిన ఖర్చు తగ్గును.

2. మితి మించిన బోరును త్రాగుటకును వంటకును వాడరాదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నీరు అందు ఊళ్లలో దానినే త్రాగవలెను. శుభ్రముగ పట్టిన వాననీరును మేలు.

3. ఆర్.ఓ. యంత్రము ఈ రెంటిని చాలవఱకు తీసివేయును. అది విడిచిన నీటిని వంటకు గాని, పశువులకు గాని వాడకుడు.

4. ఇంటినేల బీటలను సిమెంటుతో పూడ్చి, ప్రతిదినము కిటికీలు తెఱువుడు.

5. రాళ్లు కొట్టువారికి కిరణములకంటె రాతిదుమ్మే పెద్ద శత్రువు. నీరు చల్లి పనిచేయుడు. ముక్కునకు తగిన ముసుగు ధరింపుడు.

ఇంటి బండలను పెఱికివేయ నక్కఱలేదు. త్రాగు బోరునీటిని మాత్రము పరీక్షింపక బిడ్డలకు పోయకుడు.