పాటకు అతికే కార్డ్‌లు ఏవి?

సినిమా పాటలో గాయకుడు ఒక్కొక్క స్వరమే పాడుతూ ఉంటే, వెనక గిటారు మీద మూడు స్వరాలు ఒకేసారి మోగడం మీరు వినే ఉంటారు. అలా కలిపి మోగించే స్వరాల గుంపును కార్డ్ అంటారు. (రేషను కార్డుకూ దీనికీ చుట్టరికం లేదు!) హార్మోనియంలో ఒక స్థాయికి 12 మెట్లు. వాటిలోంచి మూడేసి ఏరితే 220 గుంపులు వస్తాయి. ఇన్నింటిలో మీ పాటకు అతికేవి ఏవి? బట్టీ పట్టనక్కరలేదు, వేళ్ల మీద లెక్క వేయవచ్చు.

హార్మోనియం ముందు కూర్చోండి. రెండు నల్ల మెట్ల జంటకు ఎడమ పక్కనే ఉన్న తెల్ల మెట్టు పేరు 'సి'. దానిని షడ్జమం అనుకుని తెల్ల మెట్లను వరుసగా నొక్కుతూ పైకి పొండి. స రి గ మ ప ద ని పలుకుతాయి. ఇదే సి మేజర్ స్కేలు. సంగీతం నేర్చుకుంటున్నవారు ఈపాటికి పోల్చుకునే ఉంటారు, ఇవి 29వ మేళకర్త అయిన ధీరశంకరాభరణం స్వరాలే. గమకాలు హార్మోనియంలో పలకవనుకోండి, అది వేరే సంగతి.

నల్ల మెట్లను కూడా కలుపుకుని, ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు 'ఒక అడుగు' అందాం. స నుంచి పై స వరకు అడుగులు 2, 2, 1, 2, 2, 2, 1. మొత్తం 12.

ఇక కార్డ్ కట్టడం. ఒక స్వరం తీసుకోండి, తర్వాతది వదలండి, ఆ పైది తీసుకోండి, మళ్లీ ఒకటి వదలి ఇంకొకటి తీసుకోండి. స-గ-ప వచ్చింది. వాటి మధ్య దూరాలు 4, 3. నొక్కి వినండి, నిండుగా ఉంటుంది. ఇది మేజర్ కార్డ్. ఈ మూడింటి కంపనాల సంఖ్యలు దాదాపు 4 : 5 : 6 నిష్పత్తిలో ఉంటాయి, అందుకే అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

రి నుంచి మొదలుపెడితే రి-మ-ద. దూరాలు 3, 4. మొత్తం 7 అడుగులే, కాని నడిమి స్వరం ఒక్క అడుగు కిందికి జారింది. అంతమాత్రానికే ధ్వనిలో దిగులు చేరింది! ఇది మైనర్ కార్డ్. మిగిలినవి మీరే లెక్కించండి. స, మ, ప ల మీద మేజర్. రి, గ, ద ల మీద మైనర్ వస్తే మీ లెక్క సరైనదే. ని మాత్రం ఒంటరిది. ని-రి-మ దూరాలు 3, 3. ఈ డిమినిష్డ్ కార్డ్ ఎక్కడా నిలవలేనట్టు వినిపిస్తుంది. పాటను దానిమీద ఆపి చూడండి, తెలుస్తుంది.

మీ చెల్లాయి 'సి' శ్రుతిలో పాడలేను, 'జి' కావాలంటుంది. మన గాయకులు ఐదు శ్రుతి అనేది దీన్నే. కంగారు పడకండి. జి నుంచి అవే అడుగులు వేయండి. ఆరు తెల్ల మెట్లు దాటాక ఏడో స్వరానికి ఎఫ్ పక్కనున్న నల్ల మెట్టు వస్తుంది. కార్డ్‌ల వరుస మాత్రం మారదు: మేజర్, మైనర్, మైనర్, మేజర్, మేజర్, మైనర్, డిమినిష్డ్.

ఇప్పుడు రెండు శ్రుతుల కార్డ్‌లనూ కాగితం మీద పక్కపక్కన రాయండి. సి, జి మేజర్‌లు, ఇ, ఎ మైనర్‌లు, ఈ నాలుగూ రెండింటిలోనూ కనిపిస్తాయి. కనుక ఈ నాలుగే వినబడినంతసేపూ పాట ఏ శ్రుతిలో ఉందో కార్డ్‌లను బట్టి తేల్చలేరు. ఎఫ్ మేజర్ మోగిందా, అది జి కాదు. డి మేజర్ మోగిందా, అది సి కాదు.